పరుగుల టీచరు విల్మా రుడాల్ఫ్



ఈసారి గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక నా వంతుకు వచ్చింది. తెలుగు మేడం మూడు చార్టులు, రెండు స్కెచ్ పెన్నులు ఇచ్చి, నాకు ఇష్టమైన వాళ్ల గురించి రాయమన్నారు. గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి మన అక్కలు ఇదివరకే చాలాసార్లు రాశారు. అందుకని నేను విల్మా రుడాల్ఫ్ గురించి రాస్తున్నాను. ఆమె అమెరికా దేశపు పరుగు క్రీడాకారిణి. మన లైబ్రరీలో ఉన్న జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఆమెకు ఒక్క లైను ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చింది, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది, అంతే. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ లైనులో ఆమె టీచరు అయిందని లేదు. మూడో పతకం ఒక్కదానిది కాదు, నలుగురిదీ అని కూడా లేదు.

ఈమెనే ఎందుకు ఎంచుకున్నానో దాచడం ఎందుకు, మీకందరికీ తెలిసిందే. పోయిన నెల జోనల్ క్రీడల్లో మన 4×100 రిలేలో బ్యాటన్ కింద పడిపోయింది. మూడో పరుగు నాది. నాలుగో పరుగు ఎవరిదో పేరు రాయక్కర్లేదు. చేతిలో పెట్టానని నేను, చేతికి అందలేదని ఆమె. ఆ రోజు నుంచి మేమిద్దరం అన్నం వరుసలో కూడా పక్కపక్కన నిలబడటం లేదు. మా సంగతి ఇక్కడితో ఆపి, విల్మా సంగతికి వస్తాను.

విల్మా 1940 జూన్ 23న టెన్నెసీ రాష్ట్రంలో క్లార్క్స్‌విల్ అనే ఊరి దగ్గర పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. బరువు రెండు కిలోలు. తండ్రి ఎడ్ రైల్వేలో పోర్టరు, అంటే సామాన్లు మోసే పని. ఆ పనితో పాటు దొరికిన కూలి పనులు కూడా చేసేవాడు. తల్లి బ్లాంచ్ తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి. తండ్రికి రెండు పెళ్లిళ్ల మీద మొత్తం 22 మంది పిల్లలు, అందులో విల్మా ఇరవయ్యోది. మన ఊళ్లలో పెద్ద కుటుంబం అంటే ఏడెనిమిది మంది. 22 మంది అంటే మన ఏడో తరగతి గదిలో సగం నిండుతుంది.

వాళ్లు నల్లజాతి వాళ్లు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో చట్టమే మనుషుల్ని రెండుగా విడదీసింది. నల్లవాళ్లకు వేరే బడి, హోటళ్లలో వేరే తలుపు, లేకపోతే అసలు ప్రవేశమే లేదు. బస్సులో వెనక సీట్లలోనే కూర్చోవాలి. ఈ పద్ధతిని చట్టవిరుద్ధంగా ప్రకటించిన పౌరహక్కుల చట్టం 1964లో వచ్చింది. అంటే విల్మా పుట్టుక నుంచి మూడు పతకాలు గెలిచి కాలేజీ ముగించేవరకూ అంతా ఈ రెండు తలుపుల కాలంలోనే జరిగింది. ఇది గుర్తు పెట్టుకుని చదివితేనే మిగతాది అర్థమవుతుంది.

చిన్నప్పుడు ఆ అమ్మాయికి రాని జబ్బు లేదు. న్యుమోనియా వచ్చింది, స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. ఐదో ఏట పోలియో వచ్చి ఎడమకాలు పడిపోయింది. పోలియో టీకా వచ్చింది 1955లో, అంటే అప్పటికి ఇంకా పదేళ్లు పట్టే మాట. మనకు చిన్నప్పుడు బూత్‌లో కూర్చోబెట్టి నోట్లో రెండు చుక్కలు వేసి, వేలికి మార్కు పెట్టి పంపేసేవాళ్లు కదా. ఆ చుక్కల వల్లే మన దేశంలో 2011 తర్వాత సహజ (వైల్డ్) పోలియో వైరస్ కేసు లేదు. విల్మాకు ఆ రెండు చుక్కలూ లేవు.

ఈ అమ్మాయి ఇక నడవలేదని డాక్టర్లు చెప్పారట. తల్లి ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో నల్లవాళ్లకు సరైన వైద్యం దొరికేది కాదు. 80 కిలోమీటర్ల దూరంలో నాష్‌విల్ నగరంలో మెహారీ అని నల్లవాళ్ల వైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రికి వెళ్లాలి. వారం వారం కూతురిని తీసుకుని బస్సులో వెనక సీట్లో కూర్చుని వెళ్లేది బ్లాంచ్. అలా రెండేళ్లు. ఆసుపత్రి వాళ్లు కాలు ఎలా మర్దనా చెయ్యాలో ఆమెకు నేర్పించారు. ఆమె ఇంటికొచ్చి పెద్ద పిల్లలకు నేర్పింది. రోజుకు నాలుగుసార్లు, వంతులు వేసుకుని అన్నలు, అక్కలు ఆ కాలు పిసికేవాళ్లు.

పుస్తకాల్లో దీన్ని అద్భుతం అని రాస్తారు. నాకు అలా అనిపించలేదు. లెక్క వేశాను. రోజుకు నాలుగు అంటే సంవత్సరానికి 1460 సార్లు. అది అద్భుతం కాదు, పని. అలసిపోయి పనినుంచి వచ్చిన తల్లి, బయటికెళ్లి ఆడుకోవాల్సిన పిల్లలు చేసిన పని. కాలికి ఇనుప కమ్మీల పట్టీ కట్టారు. ఆ తర్వాత పట్టీ పోయి ప్రత్యేకమైన బూటు వచ్చింది. పన్నెండేళ్లు వచ్చేసరికి రెండూ పోయి మామూలుగా నడిచింది.

జబ్బుల వల్ల విల్మా ఒకటో తరగతికి వెళ్లనేలేదు. ఇంట్లోనే చదువుకుని, ఏడేళ్ల వయసులో, 1947లో, కాబ్ అనే ప్రాథమిక పాఠశాలలో నేరుగా రెండో తరగతిలో చేరింది. ఈ రెండో తరగతి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

తర్వాత బర్ట్ హైస్కూలు. అక్కడ విల్మా అక్క యివాన్ బాస్కెట్‌బాల్ ఆడేది. కోచ్ క్లింటన్ గ్రే అక్కను టీములోకి తీసుకున్నాడు, చెల్లిని తీసుకోలేదు. అప్పుడు తండ్రి ఒక షరతు పెట్టాడట. పెద్దది ఊళ్లు తిరిగి ఆడాలంటే తోడుగా చిన్నది కూడా టీములో ఉండాలి, లేకపోతే ఎవరూ రారు. మన నాన్నలు కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతారు! అలా విల్మా టీములోకి వచ్చింది గానీ, చాలాకాలం బెంచీ మీదే కూర్చుంది. ఎప్పుడూ కోచ్ చుట్టూ తిరుగుతూ అడుగుతూ ఉండేదని ఆయన ఆమెకు దోమ అని అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టాడు. ఆ దోమ చివరికి ఆటలోకి దిగి, పదో తరగతి సీజనులో 25 ఆటల్లో 803 పాయింట్లు చేసింది. టెన్నెసీ రాష్ట్రంలో అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో అది అప్పట్లో రికార్డు. ఆటకు 32 పాయింట్లు పడుతుంది. మన స్కూలు టీము అంతా కలిసి ఒక ఆటలో అన్ని చేసిన రోజు నాకు గుర్తు లేదు.

ఒక టోర్నమెంటులో రిఫరీగా వచ్చినాయన ఈమెను చూశారు. ఆయన పేరు ఎడ్ టెంపుల్. నాష్‌విల్‌లోని టెన్నెసీ స్టేట్ అనే నల్లవాళ్ల కాలేజీలో అమ్మాయిల పరుగుల కోచ్, సోషియాలజీ పాఠాలు కూడా చెప్పేవారు. అందుకే నేను ఆయన్ని టెంపుల్ మాస్టారు అనే రాస్తాను. బాస్కెట్‌బాల్ కోర్టులో ఈ పొడుగు అమ్మాయి పరుగెత్తే తీరు చూసి, ఇది బంతి వెనకే ఆగిపోవాల్సిన కాలు కాదని ఆయనకు అర్థమైంది. విల్మా పెద్దయ్యాక దాదాపు 180 సెంటీమీటర్ల పొడుగు.

ఇక్కడ ఒక విషయం జరిగింది, చాలా పుస్తకాలు దీన్ని వదిలేస్తాయి. విల్మా చుట్టుపక్కల స్కూళ్ల పోటీల్లో ఎవరితో పరుగెత్తినా గెలిచేది. నేర్చుకోవాల్సింది ఏమీ లేదనుకుంది. అప్పుడు అలబామా రాష్ట్రంలో టస్కీగీ అనే చోట పెద్ద పోటీలకు తీసుకెళ్లారు. అక్కడికి నిజంగా శిక్షణ పొందిన అమ్మాయిలు వచ్చారు. విల్మా పాల్గొన్న ప్రతి పరుగులోనూ ఓడిపోయింది. ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు. తిరుగు ప్రయాణంలో ఎలా కూర్చుని ఉంటుందో నేను ఊహించగలను. జోనల్స్ నుంచి మనం వచ్చిన వ్యానులో పాటలు లేవు కదా.

తర్వాత వేసవిలో టెంపుల్ మాస్టారి శిబిరానికి వెళ్లింది. అక్కడ మైదానం గొప్పదేం కాదు. మట్టి ట్రాకు, గీతలు కూడా లేకపోతే ఆయనే సొంత డబ్బు పెట్టి గీయించారు. పోటీలకు వెళ్లాలంటే ఆయనే కార్లో అమ్మాయిలను ఎక్కించుకుని నడుపుకుంటూ వెళ్లేవారు. దారిలో హోటళ్లు వాళ్లకు అన్నం పెట్టవు, బాత్రూములు వాడనివ్వవు. అందుకని తినేవి ఇంటి దగ్గరే కట్టుకుని, పొలాల పక్కన కారు ఆపుకుంటూ వెళ్లేవాళ్లు. ఆయన క్రమశిక్షణ మాత్రం చాలా గట్టిది. ప్రాక్టీసుకు ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని రౌండ్లు కొట్టాలి. విల్మా ఒకసారి నిద్రపోయి 30 నిమిషాలు ఆలస్యంగా వస్తే 30 రౌండ్లు కొట్టించారట. మర్నాడు ఆమె 30 నిమిషాలు ముందే వచ్చి ట్రాకు మీద కూర్చుందట. మన పి.ఇ.టి. సార్ ఈ పేరా చదవకూడదని నా కోరిక.

1956లో, 16 ఏళ్ల వయసులో, ఇంకా హైస్కూల్లో ఉండగానే, విల్మా ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. 200 మీటర్లలో మొదటి రౌండులోనే వెనుదిరిగింది. రిలేలో మాత్రం మే ఫాగ్స్, మార్గరెట్ మాథ్యూస్, ఇజబెల్ డేనియల్స్ అనే ముగ్గురు అక్కలతో కలిసి కంచు పతకం తెచ్చుకుంది. మే ఫాగ్స్ అప్పటికే రెండు ఒలింపిక్స్ చూసిన మనిషి, చిన్నపిల్లను రెక్క కింద పెట్టుకున్నట్టు చూసుకుంది. పతకం బర్ట్ హైస్కూలుకు వచ్చాక అందరి చేతులూ తిరిగింది.

1958లో హైస్కూలు పూర్తయింది. అదే సంవత్సరం విల్మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. అప్పటికి పెళ్లి కాలేదు. ఇది గోడపత్రికలో రాయొచ్చా అని మేడంని అడిగాను, నిజమైతే రాయమన్నారు. టెంపుల్ మాస్టారు మామూలుగా బిడ్డ తల్లులను టీములోకి తీసుకునేవారు కాదు. విల్మాను తీసుకున్నారు. బిడ్డను ఇంటివాళ్లు చూసుకున్నారు, ఆమె కాలేజీకి వెళ్లింది. మన హాస్టల్లో ఏటా సంక్రాంతి సెలవుల తర్వాత రెండో మూడో పెట్టెలు అలాగే తాళం వేసి ఉండిపోతాయి, వాటి అమ్మాయిలు తిరిగి రారు. పెళ్లి అయిందంటారు. అందుకే నేను ఈ నాలుగు లైన్లు కొట్టెయ్యలేదు.

కాలేజీలో పరుగు ఆడపిల్లలకు ఊరికే డబ్బు ఇచ్చే స్కాలర్‌షిప్ లేదు. రోజుకు రెండు గంటలు క్యాంపసులో ఏదో ఒక పని చెయ్యాలి, దానికి బదులు ఫీజులో సాయం. అంటే ఉదయం ప్రాక్టీసు, తర్వాత క్లాసులు, తర్వాత పని, మళ్లీ ప్రాక్టీసు. ఆమె తీసుకున్న కోర్సు ప్రాథమిక విద్య, అంటే చిన్నపిల్లలకు పాఠం చెప్పే చదువు. పరుగులో పేరు వచ్చినా ఆ కోర్సు వదల్లేదు.

ఇక రోమ్. 1960 సెప్టెంబరు. అమెరికా మహిళల పరుగుల జట్టుకు కోచ్ టెంపుల్ మాస్టారే. పోటీలు మొదలయ్యే ముందు రోజు విల్మా మైదానంలో సరదాగా పరుగెడుతూ గడ్డిలో ఉన్న ఒక గుంటలో కాలు పెట్టింది. చీలమండ మెలిక పడి వాచింది. కట్టు కట్టి, కాలు ఎత్తులో పెట్టి పడుకోబెట్టారు. మర్నాడు లేచి నిలబడింది, బరువు మోపితే కాలు ఆగింది. ఆమెకు ఇంకో అలవాటు ఉంది, ఎక్కడైనా సరే నిద్రపోగలదు. లోకమంతా గోళ్లు కొరుక్కునే సమయంలో, ఒక పరుగుకీ ఇంకో పరుగుకీ మధ్య, ఈమె హాయిగా కునుకు తీసేది. స్టడీ అవర్లో కునుకు తీసే మన వాళ్లు దీన్ని సాక్ష్యంగా వాడుకోవద్దు.

సెప్టెంబరు 2న 100 మీటర్ల ఫైనలు. 11.0 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన బ్రిటన్ అమ్మాయి డోరతీ హైమన్ 11.3. ఇంత తేడా 100 మీటర్లలో మామూలుగా ఉండదు. కానీ అది ప్రపంచ రికార్డుగా రాయలేదు. ఎందుకంటే వెనక నుంచి గాలి సెకనుకు 2 మీటర్లకు మించి వీస్తే రికార్డు చెల్లదు, ఆ రోజు 2.75 మీటర్లు వీచింది. బంగారం మాత్రం బంగారమే. సెప్టెంబరు 5న 200 మీటర్లు, 24.0 సెకన్లు, ఈసారి గాలి ఎదురుగా. రెండో బంగారం. ఆ మర్నాడు, సెప్టెంబరు 6న, అదే స్టేడియంలో మన మిల్ఖా సింగ్ 400 మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చి కొద్దిలో కంచు పతకం పోగొట్టుకున్నాడు. ఈ రెండు సంగతులూ ఒకే చోట ఒకే వారంలో జరిగాయని నాకు ఇది రాసేవరకూ తట్టలేదు.

సెప్టెంబరు 8న రిలే. ఇది వివరంగా రాస్తాను. మొదటి పరుగు మార్తా హడ్సన్, చాలా పొట్టి మనిషి. రెండోది లూసిండా విలియమ్స్. మూడోది బార్బరా జోన్స్. నాలుగోది విల్మా. నలుగురూ టెన్నెసీ స్టేట్ వాళ్లే. నలుగురూ ఆ మట్టి ట్రాకు మీదే ఈ మార్పిడిని వందలసార్లు చేసినవాళ్లు. ముందు రోజు సెమీఫైనల్లో 44.4 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా పెట్టారు. ఫైనల్లో మొదటి రెండు మార్పులూ బాగా జరిగాయి. జోన్స్ ముందంజలో వచ్చింది. విల్మా పరుగు మొదలుపెట్టి చెయ్యి వెనక్కి చాపింది. బ్యాటన్ చేతిలో సరిగా పడలేదు. జారబోయింది.

ఆ క్షణంలో తప్పు ఎవరిదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఇచ్చేవాళ్లు వెనక నుంచి పూర్తి వేగంతో వస్తారు, వాళ్లకు ఊపిరి అయిపోయి ఉంటుంది. తీసుకునేవాళ్లు ముందుకు చూస్తూ పరుగెడతారు, చెయ్యి మాత్రం వెనక ఉంటుంది. ఒకళ్లకు కనబడుతుంది గానీ ఆగలేరు, ఇంకొకళ్లకు కనబడదు. గీత దాటేలోపు అయిపోవాలి. విల్మా దాదాపు ఆగినట్టయి, బ్యాటన్‌ను గట్టిగా పట్టుకుని, అప్పుడు పరుగెత్తింది. ఈలోగా జర్మనీ అమ్మాయి ముందుకెళ్లిపోయింది. విల్మాకు మొదట్లో వేగం అందుకోవడానికి ఎప్పుడూ సమయం పట్టేది, పొడుగు మనిషి కాబట్టి. అయినా ఆ చివరి 100 మీటర్లలో అందుకుని, దాటి, 44.5 సెకన్లలో ముగించింది. జర్మనీకి 44.8. ఒకే ఒలింపిక్స్ పరుగుల్లో మూడు బంగారు పతకాలు గెలిచిన మొదటి అమెరికా మహిళ అయింది.

రాత్రికి రాత్రి ఆమె పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆ ఒలింపిక్స్ చాలా దేశాల్లో టీవీలో చూపించారు. యూరప్‌లో ఎక్కడికెళ్లినా జనం మూగారు. ఇవన్నీ నేను త్వరగా దాటేస్తున్నాను, ఎందుకంటే అసలైన పోటీ ఆమె సొంత ఊళ్లో ఉంది.

క్లార్క్స్‌విల్‌లో ఆమెకు స్వాగతం చెయ్యాలని ఏర్పాట్లు మొదలయ్యాయి. ఆ ఊరి పద్ధతి ప్రకారం అయితే ఊరేగింపులో తెల్లవాళ్లు ఒకవైపు, నల్లవాళ్లు ఒకవైపు, విందుకు వేరు వేరు చోట్లు. విల్మా ఒప్పుకోలేదు. అలా వేరు చేసి చేస్తే తాను రానని చెప్పేసింది. ఒక్కసారి ఆలోచించండి. ఆమెకు 20 ఏళ్లు. అమ్మ ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. పతకాలు మెడలో ఉన్నా, అక్కడి హోటల్లో టీ తాగడానికి ఆమెకు హక్కు లేదు. ఊరి పెద్దలు కాదంటే ఆమె ఏం చెయ్యగలదు? కానీ ఆమె లేకుండా ఆమె స్వాగతం ఎలా జరుగుతుంది? వాళ్లే దిగివచ్చారు. 1960 అక్టోబరు 4న ఊరేగింపు జరిగింది, రాత్రి విందులో 1100 మంది, తెల్లవాళ్లు, నల్లవాళ్లు, ఒకే చోట కూర్చుని తిన్నారు. ఆ ఊరి చరిత్రలో అందరూ కలిసి పాల్గొన్న మొదటి పౌర కార్యక్రమం అదే. నన్నడిగితే ఇది నాలుగో పతకం.

ఆ తర్వాత 1961లో జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 100 మీటర్లు 11.2 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది, ఈసారి గాలి అడ్డురాలేదు. 1962లో పరుగు మానేసింది. అప్పటికి 22 ఏళ్లే. ఆ రోజుల్లో ఒలింపిక్ క్రీడాకారులు పరుగు మీద డబ్బు తీసుకోకూడదని నియమం. కాబట్టి మూడు బంగారు పతకాలు ఇంట్లో ఉన్నా బ్యాంకులో ఏమీ లేదు. 1963 మే నెలలో డిగ్రీ చేతికి వచ్చింది. అదే నెలలో క్లార్క్స్‌విల్‌లో నల్లవాళ్లను లోపలికి రానివ్వని ఒక హోటల్ ముందు నిరసన చేసినవాళ్లలో ఆమె కూడా నిలబడింది. విందు జరిగి మూడేళ్లు కావస్తున్నా హోటల్ తలుపు అలాగే ఉందన్నమాట. కొద్దిరోజుల్లోనే ఊరి మేయరు హోటళ్లు, ఇతర చోట్లు అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించాడు.

ఇప్పుడు రెండో తరగతి సంగతి. డిగ్రీ వచ్చాక విల్మా టీచరుగా చేరిన బడి ఏదో తెలుసా? కాబ్ ప్రాథమిక పాఠశాల. పాఠం చెప్పింది రెండో తరగతికి. పదహారేళ్ల క్రితం జబ్బుల నుంచి లేచి ఏడేళ్ల పిల్లగా తాను మొదటిసారి కూర్చున్న తరగతి. సాయంత్రాలు బర్ట్ హైస్కూల్లో అమ్మాయిలకు పరుగు నేర్పింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కొంచెంసేపు ఊరికే కూర్చున్నాను. ప్రపంచంలోకెల్లా వేగమైన మహిళ అని పేపర్లన్నీ రాసిన మనిషి, పొద్దున్నే హాజరు పిలిచి, అక్షరాలు దిద్దించి, ముక్కులు తుడిచి ఉంటుంది. ఆ పిల్లలకు ఆమె ఎవరో తెలిసే ఉంటుంది. పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి మర్చిపోయారో లేదో!

అక్కడ ఆమె ఎక్కువ కాలం ఉండలేదు. కాలేజీలో నేర్చుకున్న కొత్త పద్ధతులు తరగతిలో పెట్టాలని చూసింది, పై వాళ్లకు అవి నచ్చలేదు. పాత పద్ధతే మంచిదన్నారు. ఆమె వదిలేసి వెళ్లిపోయింది. పతకాలకు పూలదండలు వేసిన ఊరే, టీచరుగా ఆమె మాట వినలేదు. కొంతమంది ఆమె ఒకచోట నిలబడలేదని రాస్తారు. ఇండియానా, మెయిన్, డెట్రాయిట్, లాస్ ఏంజిలిస్, షికాగో, ఇలా చాలా చోట్లకు మారిందన్నది నిజమే. డబ్బు ఇబ్బందులు కూడా పడింది. రెండు పెళ్లిళ్లూ నిలవలేదు, నలుగురు పిల్లలను పెంచింది. కానీ ఎక్కడికెళ్లినా ఆమె చేసిన పని చూస్తే ఒకటే రకం. ఒకచోట పేటపిల్లల కేంద్రం నడపడం, ఒకచోట బడిలో పాఠం, ఒకచోట చదువు మానేసిన యువతకు శిక్షణ, ఇంకోచోట కాలేజీ అమ్మాయిలకు పరుగు. ఊళ్లు మారాయి గానీ పని మారలేదు. 1977లో తన కథను పుస్తకంగా రాసింది, దాన్ని టీవీ సినిమాగా కూడా తీశారు. 1981లో ఇండియానాపోలిస్‌లో తన పేరు మీద ఒక సంస్థ పెట్టి, పేద పిల్లలకు ఉచితంగా ఆటలు నేర్పించి, చదువులో సాయం చేసింది.

ఆ రిలే అమ్మాయిల సంగతి కూడా రాయాలి. పొట్టి మార్తా హడ్సన్ టీచరు అయింది. లూసిండా విలియమ్స్ ఒహాయో రాష్ట్రంలో టీచరు అయింది. మెల్‌బోర్న్‌లో విల్మాను చూసుకున్న మే ఫాగ్స్ కూడా ఒహాయోలోనే బడిలో పనిచేసింది. టెంపుల్ మాస్టారి దగ్గర మొత్తం 40 మంది ఒలింపిక్స్‌కు వెళ్లారు, 23 పతకాలు తెచ్చారు. కానీ ఆయన ఎక్కువగా చెప్పుకున్నది, ఆ 40 మందిలో ఒక్కరు తప్ప అందరూ డిగ్రీ పూర్తి చేశారని. ఆయన 2016లో చనిపోయారు, విల్మా కంటే 22 ఏళ్ల తర్వాత. శిష్యురాలి చావు గురువు చూడాల్సి వచ్చింది.

1994లో విల్మా తల్లి బ్లాంచ్ చనిపోయింది. 80 కిలోమీటర్లు బస్సులో తీసుకెళ్లిన ఆ తల్లే. అదే సంవత్సరం విల్మాకు మెదడులో క్యాన్సర్ ఉందని తెలిసింది. కొన్ని నెలలకే, 1994 నవంబరు 12న, టెన్నెసీలోనే ఆమె కన్నుమూసింది. వయసు 54.

క్లార్క్స్‌విల్‌లో ఇప్పుడు ఆమె పేరున పెద్ద రోడ్డు ఉంది, కంచు విగ్రహం ఉంది. జర్మనీలో బెర్లిన్ నగరంలో ఒక బడికి ఆమె పేరు పెట్టారు. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. ఆమె పోయిన మర్నాటి ఏడు, 1995 ఆగస్టు 11న, రోజుకు రెండు గంటలు పనిచేస్తూ ఆమె చదువుకున్న అదే టెన్నెసీ స్టేట్‌లో ఒక కొత్త భవనానికి ఆమె పేరు పెట్టారు. ఆరు అంతస్తుల భవనం. అది స్టేడియం కాదు, ఆడపిల్లల హాస్టలు. భోజనశాల ఉంది, కంప్యూటర్ గది ఉంది, జుట్టు కత్తిరించి దువ్వే పార్లరు కూడా ఉందట. మన వార్డెన్ మేడం ఆ చివరి సంగతి చదివి ఏమంటారో తెలీదు.

జోనల్స్ మళ్లీ వచ్చే సంవత్సరం. రేపు సాయంత్రం నాలుగున్నరకు నేను బ్యాటన్ తీసుకుని గ్రౌండులో ఉంటాను. నాలుగో పరుగు ఎవరిదో ఆమెకు తెలుసు.